ఏడో నంబరు పక్కన పుట్టుమచ్చ

జూన్ 10, సోమవారం

అక్క పుస్తకం ఏడో స్థానంలో ఉంది. అంకెలు మళ్ళీ లెక్కవేశాను, ఏడే. లేచి వెళ్ళి టీ తాగొచ్చి ఇంకోసారి లెక్కవేశాను. కదల్లేదు.

పదేళ్ళుగా మా పత్రికలో 'ఈ వారం ఎక్కువగా అమ్ముడైన పుస్తకాలు' పట్టిక వేస్తున్నాను. సొంత అక్క పేరు అందులో రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నేరుగా ఎడిటర్‌గారి గదిలోకి వెళ్ళి, "సార్, ఇది మా అక్క పుస్తకం. ఈ వారం పట్టిక ఇంకెవరిచేతైనా వేయించండి" అన్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఎవరిచేత వేయించమంటావు, వంటల పేజీ ఆవిడ చేతనా? అంకెలు అంకెలేనమ్మా. నువ్వే వేసి తీసుకురా, నేను చూసి సంతకం పెడతాను" అన్నారు. ఆయన్ని ఆఫీసులో అందరం కత్తెర సార్ అంటాం, ఎదురుగా తప్ప.

కాబట్టి నా వైపు దాపరికం ఏమీ లేదు. అది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

గురువారం పేజీ వచ్చేదాకా ఇంట్లో చెప్పకూడదు. చెప్పలేదు. భోజనాల దగ్గర బావగారు నా మొహం చూసి, "ఏమ్మా మరదలా, కూర అంత బాగుందా?" అన్నారు. కూరలో ఉప్పే లేదు.

జూన్ 13, గురువారం

పొద్దున్నే అక్క పేపరు అందుకుంది. పట్టిక మీద వేలు పెట్టి, పై నుంచి ఒక్కో పేరూ దాటుకుంటూ వచ్చి ఏడు దగ్గర ఆపింది. ఆ తర్వాత ఎంతసేపటికీ వేలు తీయలేదు. టీ నేనే పెట్టాను.

ఇరవై ఏళ్ళు బస్‌స్టేషన్ మైకులో ఊరంతటికీ బస్సుల వేళలు చెప్పిన గొంతు అక్కది. ఆ వేళలు తయారుచేసేది డిపోలో బావగారు. ఆయన రాసింది ఈవిడ చదివేది, అలాగే పెళ్ళయింది. గొంతు ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు చేతిలో చిన్నపిల్లల పలక. మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా అని డాక్టరమ్మ ఏడాదిగా మొత్తుకుంటోంది. అక్క వినదు. "ఎవరి గొంతో నా నోట్లోంచి వస్తుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు" అని ఒకసారి పలక మీద రాసింది. ఆ ఏడాది మౌనంలోనే 'పన్నెండో నంబరు ఇంకా రాలేదు' రాసింది. స్టేషన్లో బస్సు కోసం ఎదురుచూసే మనుషుల కథలు. నాకు ఇష్టం. చెల్లెల్ని కాకపోయినా ఇష్టపడేదాన్ననే అనుకుంటున్నాను.

ఇవాళ పలక మీద మొదటి ప్రశ్న: "ఏడు అంటే ఎంతమంది కొన్నట్టు?"

"అలా చెప్పలేమక్కా. ఊళ్ళో కొట్లన్నీ ఎవరు లెక్కపెడతారు? పన్నెండు కొట్లు ఎంచుకున్నాం. వాళ్ళు ఆదివారం సాయంత్రానికి వారం అమ్మకం పంపుతారు. చిన్న కొట్టులో ఒక కాపీ అమ్మితే, అలాంటి చిన్న కొట్లన్నిటి తరఫునా దాన్ని నాలుగైదు కాపీల కింద వేసుకుంటాం. పెద్ద కొట్టులో అమ్మిన ఒకటి ఒకటే."

"ఏ కొట్లు?"

"అది చెప్పకూడదు. తెలిస్తే జనం పనిగట్టుకుని అక్కడే కొనిపిస్తారు."

పేపరు వెనక నుంచి బావగారు, "అంత ఓపిక ఎవరికుంటుందమ్మా" అన్నారు.

"ఉంటుంది బావగారూ. దొరికితే ఆ పుస్తకం పేరు పక్కన నల్లచుక్క పెడతాం. కింద చిన్న అక్షరాల్లో, చుక్క ఉన్న పుస్తకాలు ఒకే చేత్తో గుత్తగా కొన్నవని వేస్తాం. ఆఫీసులో దాన్ని పుట్టుమచ్చ అంటాం."

అక్క రాసింది: "పుట్టుమచ్చ అందమే కదా."

"ఇది ఆ రకం కాదు" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. అక్క నవ్వుకు చప్పుడు ఉండదు, భుజాలు కదులుతాయి.

జూన్ 17, సోమవారం

మళ్ళీ ఏడు. పైనా కిందా పుస్తకాలు తోసుకుంటున్నాయి, ఇది మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

జూన్ 20, గురువారం

పబ్లిషరు ఫోన్ చేశాడు. పుస్తకం అచ్చయ్యాక మనిషి జాడే లేదు, ఇప్పుడు నోరారా "అమ్మగారూ" అంటున్నాడు. పట్టికలో రెండు వారాలు ఉంది కాబట్టి జూలై నెల మధ్యలో సభ పెడతాడట. రచయిత్రి ఒక కథ చదవాలట. అక్క బదులు ఫోన్ నేనే పట్టుకున్నాను. "ఆవిడ చదవలేరండీ, ఇంకెవరైనా" అంటుండగా పలక నా కళ్ళ ముందుకొచ్చింది.

"చదువుతాను."

సుద్దముక్క విరిగేలా రాసింది. ఆవిడే చదువుతారట అని ఫోన్లో చెప్పాను, బావగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

జూన్ 22, శనివారం

గోడ అవతల అక్క డాక్టరమ్మ చెప్పిన సాధన చేస్తోంది. "ఆ" అని, "ఊ" అని. తలుపు గడియ వేసుకుని, ఎవరూ వినడం లేదనుకుని. బొంగురుగానే ఉంది. అయినా అది అక్కే.

మంగళవారం పట్టుకున్న వాన ఇంకా వదల్లేదు.

జూన్ 24, సోమవారం

వారమంతా వాన. బుధ, గురువారాలు కొట్లవాళ్ళు సగం పూటే తలుపు తీశారు, తీసి కూడా ఈగలు తోలుకున్నారు. అందరి అమ్మకమూ సగానికి పడింది. అక్క పుస్తకం నాలుగో స్థానానికి వచ్చింది. పెరిగి కాదు, తగ్గక. ఆరు కొట్లలో ఎప్పుడూ అమ్మినంతే అమ్మింది. ఆ మిగతా ఆరింటిలో ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 

అమ్ముతున్న ఆరు కొట్లూ ఒకే బస్సు దారిలో ఉన్నాయి.

అందులో వింతేముంది, బస్సు కథలు బస్సు ఎక్కేవాళ్ళు కాక ఎవరు కొంటారు. వానలో బస్సు ఆలస్యమైతే పక్క కొట్టులోకి దూరతారు, దూరితే ఏదో ఒకటి కొంటారు. అంతే.

జూన్ 25, మంగళవారం

కత్తెర సార్ సంతకం పెడుతూ, "మీ అక్కయ్య పుస్తకానికి వాన పట్టలేదే" అన్నారు. నేను బస్సుల సంగతి చెప్పాను. "ఓహో" అన్నారు. ఆయన "ఓహో" అంటే నమ్మినట్టో కాదో పదేళ్ళయినా నాకు తెలియదు.

జూన్ 27, గురువారం

నాలుగో స్థానం. అక్క జడ వేసుకుంది. చాలా రోజులైంది అక్క జడ చూసి.

జూన్ 28, శుక్రవారం

బస్సు ఎక్కేవాళ్ళే కొంటారు. ఇంకెవరు కొంటారు.

జూన్ 30, ఆదివారం

ఒక సంగతి తడుతోంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను, ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

ఆ ఆరు కొట్ల పేర్లు నేను ఎవరికీ చెప్పలేదు. కానీ పదేళ్ళుగా భోజనాల దగ్గర వాగుతూనే ఉన్నాను. వంతెన కింద ముసలాయన అంకెలు పిచ్చుకగూళ్ళలా రాస్తాడని, ఆసుపత్రి ఎదురు కొట్టావిడ ఆదివారం పంపమంటే సోమవారం పంపుతుందని, రంగుల కొట్టు పక్కనాయన దగ్గుతూ అంకెలు చెబితే ఏడో పదిహేడో తెలియదని. నవ్వించడానికి చెప్పేదాన్ని. మిగతా ఆరు కొట్లవాళ్ళు బుద్ధిగా సరైన వేళకు పంపుతారు, వాళ్ళ గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు.

నేను వెక్కిరించిన కొట్లలోనే అక్క పుస్తకం అమ్ముతోంది.

జూలై 1, సోమవారం

వంతెన కింద ముసలాయనకు ఫోన్ చేశాను. పోయిన వారమే చేయాల్సింది. 'పన్నెండో నంబరు' ఎవరు కొంటున్నారో గుర్తుందా అని అడిగాను.

"గుర్తులేకేమమ్మా. పొడుగాటాయన ఒకాయన. రోజూ ఒకటి. చదివే మొహంలా లేదు, పంచిపెట్టే మొహంలా ఉంది. చాలా మర్యాదస్తుడు. మొదటి రోజే మా గోడ గడియారం మూడు నిమిషాలు ముందుందని, స్టూలు అడిగి ఎక్కి సరిచేసి మరీ వెళ్ళాడు."

ఫోన్ పెట్టేసి, గోడ మీద గడియారం వైపు చూశాను.

మా ఆఫీసులో ఈ గడియారం కూడా ఒకసారి బావగారే సరిచేశారు. నాకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చి, కత్తెర సార్ గదిలోకి తొంగిచూసి, ఆయన్ని కుర్చీలోంచి లేపి ఆ కుర్చీ ఎక్కారు. ఇంత పెద్ద ఊళ్ళో పరాయి కొట్టులో స్టూలు ఎక్కి గడియారం సరిచేసే పొడుగు మనిషి ఇంకొకడు ఉండడు. ఒక్కో కొట్టుకూ రోజుకు ఒకటి. వానొచ్చినా, వరదొచ్చినా ఒకటి. టైమ్‌టేబుల్ వేసేవాడు తప్ప పుస్తకాలు అంత సమంగా ఎవరూ కొనరు. చదివేవాళ్ళు శనివారం ఎగబడతారు, మంగళవారం మొహం చాటేస్తారు, వానొస్తే ఇంట్లో కూర్చుంటారు.

మధ్యాహ్నం డిపోకు వెళ్ళాను. గదిలో నాలుగు గోడలకూ బస్సుల వేళల పట్టికలు. మధ్యలో బావగారు, చెవి వెనక పెన్సిలు. నన్ను చూడగానే పెన్సిలు తీసి బల్ల మీద పెట్టారు.

"వంతెన కింద ఆయన గడియారం ఇప్పుడు బాగానే నడుస్తోందట" అన్నాను.

నోట్లో నాలుక లేని మనిషి. బుకాయించడం కూడా రాదు. "కూర్చోమ్మా" అన్నారు. కూర్చోలేదు.

"ఆ పుస్తకాలన్నీ ఏం చేస్తున్నారు?"

"బస్సుల్లో పెడుతున్నాను. పొద్దున మొదటి ట్రిప్పు బయల్దేరే ముందు ఒక్కో బస్సులో ఒక్కో సీటు మీద. మన దగ్గర దాచితే మీ అక్క చూస్తుంది. పారేయడానికి చేతులు రాలేదు."

"నా ఉద్యోగం గురించి ఆలోచించారా?"

"ఆలోచించాను" అన్నారు. బయట ఏదో బస్సు వెనక్కి తిరుగుతూ హారన్ కొడుతోంది. "నేను రాసిన వేళలు ఇరవై ఏళ్ళు చదివిన మనిషమ్మా. ఏడాదిగా నాతో కూడా ఒక్క మాట లేదు. 'ఉప్పు తక్కువైంది' అన్నా పలక మీదే. ఈ పది రోజుల నుంచీ గోడ అవతల గొంతు వినిపిస్తోంది. నేను ఇవతల గోడకి చెవి ఆనించి కూర్చుంటున్నాను. దొంగలా."

నాకు ఒళ్ళు మండుతూనే ఉంది, కళ్ళు నిండుతూనే ఉన్నాయి.

"ఒక్క రెండు వారాలు ఆగు. సభ కానీ. ఆ తర్వాత మచ్చ కాదు, మొహమంతా మసి పూసినా ఊరుకుంటాను. ఇప్పుడు మచ్చ పెడితే పబ్లిషరు సభ మానేస్తాడు. ఆవిడ మళ్ళీ నోరు తెరవదు."

"ఆలోచిస్తాను బావగారూ" అని వచ్చేశాను. ఏం ఆలోచిస్తాను.

జూలై 2, మంగళవారం

వేరేవాళ్ళ పుస్తకాలకు పెట్టాను మచ్చ. పోయినేడాది ఒక పెద్దమనిషి కవిత్వానికి పెడితే, ఆయన భార్య ఫోన్ చేసి ఏడ్చింది. నియమం అంటే నియమమండీ అన్నాను ఆవిడతో. ఆవిడ మొగుడు కొన్నాడు, మా అక్క మొగుడూ కొన్నాడు.

పట్టిక కత్తెర సార్ బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. కొట్లు ఎలా బయటపడ్డాయో కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ బావగారేనా నా కుర్చీ ఎక్కింది?"

"అవును సార్."

"ఆ గడియారం ఇప్పటికీ సెకను తప్పలేదు" అన్నారు. తర్వాత, "ఆ ఆరు కొట్లూ మార్చెయ్. ఇకనుంచి ఇంట్లో ఆఫీసు కబుర్లు వద్దు. మచ్చ నువ్వే పెట్టు" అన్నారు.

వాన తగ్గాక మళ్ళీ ఏడో స్థానమే. పక్కన నేనే పెట్టాను. ఒక్క చుక్క. పెట్టాక చెయ్యి కడుక్కున్నాను, ఎందుకో.

ఇవాళ అక్కతో చెప్పేస్తాను. పేపర్లో చూసి తెలుసుకోకూడదు.

జూలై 3, బుధవారం

చెప్పలేదు. రెండుసార్లు గది దాకా వెళ్ళి నీళ్ళు నమిలి వచ్చాను. మొదటిసారి సాధన చేసుకుంటోంది. రెండోసారి ఏ చీర బాగుంటుందని పలక మీద రాసి చూపించింది. నీలంది అన్నాను.

బావగారికి మాత్రం చెప్పాను. తల ఊపారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూలై 4, గురువారం

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

అక్క పేపరు అందుకుంది. ఎప్పట్లాగే వేలు పై నుంచి దిగుతూ వచ్చింది. ఏడు దగ్గర ఆగింది. చుక్క సిరా చెదిరిన మరకేమోనని గోటితో గీకింది. పోలేదు. వేలు పేజీ అడుక్కి జారింది, చిన్న అక్షరాల దగ్గరికి. అక్క చిన్న అక్షరాలు వదిలే రకం కాదు, ఇరవై ఏళ్ళు బావగారి టైమ్‌టేబుల్ కింద సూచనలన్నీ చదివిన మనిషి.

చదివింది. నా వైపు చూసింది. నేను బావగారి వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. అప్పుడు అక్క కూడా ఆయన వైపు చూసింది. ఆయన టీ గ్లాసు పట్టుకుని, అందులో ఏదో పడ్డట్టు లోపలికి చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

పలక బల్ల మీదే ఉంది. అక్క దాన్ని ముట్టుకోలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, జడ వెనక్కి వేసుకుని, గొంతు సవరించుకుంది. మైకు ముందు అలాగే సవరించుకునేది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అంది.

బొంగురుగా, గరుగ్గా, మధ్యలో గాలి పోతూ. ఊరంతా ఎరిగిన ఆ గొంతు కాదు. కానీ ఆగాల్సిన చోట ఆగడం, సాగదీయాల్సిన చోట సాగదీయడం అవే.

"ఏడో నంబరులో నిలిచి ఉన్న బస్సు... ఒకే ప్రయాణికుడితో నిండిపోయినది. సదరు ప్రయాణికుడు... దయచేసి వెంటనే దిగిపోవలసినదిగా కోరుతున్నాము."

బావగారు గ్లాసు కింద పెట్టారు. ఎంత నెమ్మదిగా పెట్టారంటే చప్పుడు కాలేదు. "దిగుతున్నాను" అన్నారు. ఆ తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నారు.

నేను ఏడ్చాను. ఇక్కడ దాచుకోవడం దేనికి, బాగా ఏడ్చాను. అక్క ఏడవలేదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని కూడా అంది, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. అప్పుడు నవ్వింది. నవ్వుకు చప్పుడు ఉంది.

జూలై 5, శుక్రవారం

నా మీద కోపంగానే ఉంది. "ముందు చెప్పాల్సింది కదే" అంది. పలక మీద కాదు.

జూలై 8, సోమవారం

ఆ ఆరు కొట్లూ తీసేశాక అక్క పుస్తకం పట్టికలో లేదు. పదిహేనులో లేదు, ముప్పైలో కూడా లేదు. పబ్లిషరు హాలు దొరకలేదని కబురు పెట్టాడు. ఫోన్ ఈసారి అక్కే ఎత్తింది. అవతల వాడు ఎవరో మగమనిషి అనుకుని "అమ్మగారికి ఇవ్వండి సార్" అన్నాడట. చెప్పి తనే నవ్వింది, కానీ ఆ నవ్వు తర్వాత గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నీలం చీర మడతపెట్టి లోపల పెట్టేసింది. బాధ లేదని రాయను. ఉంది.

సాయంత్రం మాత్రం మాట్లాడింది. బొంగురు గొంతుకు ఇంకా అలవాటు పడుతోంది, మేమూ పడుతున్నాం.

జూలై 10, బుధవారం

బావగారు భోజనాల దగ్గర గొంతు తగ్గించి ఒక మాట చెప్పారు. బస్సుల్లో ఎవరైనా మరిచిపోయిన వస్తువుల్ని కండక్టర్లు రాత్రి డిపోలో అప్పజెప్పాలి, అక్కడ దానికో గది ఉంది. ఆయన సీట్ల మీద వదిలిన పుస్తకాలన్నీ లెక్క ప్రకారం ఆ గదికి తిరిగి రావాలి. గొడుగులు వచ్చాయి, ఒంటి చెప్పు ఒకటి వచ్చింది. పుస్తకాలు మాత్రం రెండే వచ్చాయి.

"మిగతావి?" అంది అక్క.

"తెలియదు. ఎవరో పట్టుకుపోయారు."

అక్క తినడం ఆపేసింది. "ఆ రెండూ తీసుకురండి."

జూలై 11, గురువారం

తెచ్చారు. ఒకటి కొత్తదానిలాగే ఉంది. రెండోదాని అట్ట నలిగింది, లోపల ఎవరో తింటూ చదివినట్టు నూనె వేలిముద్ర. నాలుగో కథ మధ్యలో పేజీ మూల మడిచి ఉంది.

అక్క ఆ మడత మీద వేలు పెట్టింది, ఏడు మీద పెట్టినట్టే.

"ఇది మరిచిపోయి దిగాడు" అంది. "సగంలో ఉన్నాడు. ఏ బస్సులో దొరికింది?"

"తొమ్మిదో నంబరు. సాయంత్రం ట్రిప్పు."

"ఏ సీటు?"

కండక్టరు చీటీ అంటించి ఉంది. ఎడమవైపు, కిటికీ పక్కన, వెనక నుంచి రెండోది.

"రేపు సాయంత్రం ఆ సీటులోనే పెట్టండి. మడత విప్పకండి."

బావగారు నా వైపు చూశారు, అనుమతి అడుగుతున్నట్టు. ఇది కొనడం కాదు కదా, పెట్టుకోండి అన్నాను.

జూలై 12, శుక్రవారం

పెట్టారట.

జూలై 15, సోమవారం

కొత్త ఆరు కొట్ల నుంచి మొదటిసారి అంకెలు వచ్చాయి. అందరూ బుద్ధిమంతులే, వేళకు పంపారు. అక్క పుస్తకం ఎక్కడా లేదు. పట్టిక వేసి కత్తెర సార్ బల్ల మీద పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి అక్క వీధి గుమ్మంలో నిలబడి ఉంది. బావగారు డిపో నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే అడిగింది.

"తిరిగి వచ్చిందా?"

"రాలేదు" అన్నారు బావగారు.

"ఇవాళ కూడానా?"

"శుక్రవారం నుంచీ చూస్తున్నాను. రాలేదు."

అక్క లోపలికి వెళ్ళి ముగ్గురికీ టీ పెట్టింది. పెడుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది, శ్రుతి ఎక్కడా నిలవడం లేదు.